గడప దాటని దయ

జైన కుటుంబములలో బిడ్డకు మాటలు వచ్చిన నాటినుండియే జీవదయ నేర్పుదురు. సూర్యాస్తమయమునకు ముందే భోజనము, వడగట్టిన నీరు, కందమూల వర్జనము ఇంటింటి ఆచారములు. కాని ఇంటికిని, పాఠశాలకును, అంగడికిని నడుమనే తిరుగు పిల్లలకు ఆ జీవుల పరిచయ మెక్కడిది? పృథ్వి, జలము, అగ్ని, వాయువు, వనస్పతి, త్రసము అని షట్కాయ జీవులను వల్లించు బాలుడు వీధిలోని కానుగచెట్టును గుర్తింపలేడు. పూర్వము నీరు వడగట్టిన గుడ్డను మరల ఆ బావినీటనే జాడించి, అందలి ప్రాణులను స్వస్థానమునకు చేర్చెడివారు. నేడు కుళాయి త్రిప్పు బిడ్డకు ఆ నీరు ఏ చెరువుదో, ఏ యేటిదో తెలియదు. సరకు నెరుగక వర్తకుడు బేరమాడడు. జీవి నెరుగక శ్రావకుడు దయ యెట్లు చూపగలడు?

బయట తిరిగిన హింస కలుగునని, ఇంట నుండుటయే మేలని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. సమాధానము సాధువుల నడవడియందే కలదు. వర్షాకాలమున నేల ప్రాణులతో నిండును గనుక వారు నాలుగు మాసములు ఒకచోట నిలుతురు. తక్కిన ఎనిమిది మాసములు కాలినడకన విహరింతురు. ముందున్న నేలను చూచి అడుగిడుటయే ఈర్యాసమితి. అది నడచువారికి చెప్పిన నియమము.

మహావీరస్వామి పండ్రెండేండ్లకు పైగా ఎండవానలకోర్చి, నదీతీరమున సాలవృక్షము క్రింద కేవలజ్ఞానము పొందెను. క్రీ. శ. 981 ప్రాంతమున చావుండరాయడు శ్రవణబెళగొళలో నిలిపించిన బాహుబలి విగ్రహమున పాదములచెంత పుట్టలు, భుజముల వరకు ప్రాకిన తీగలు కానవచ్చును. తపోనిష్ఠుడైన ఆ స్వామి తీగను త్రెంపలేదు, పుట్టను కదల్పలేదు. ఆ కొండను వట్టికాళ్లతో ఎక్కిన బిడ్డకు ఇది వేరుగా బోధింప నక్కరలేదు.

కావున చాతుర్మాస్యము ముగిసిన పిదప నెలకొక దినము పిల్లలను దగ్గరి కొండకో, యేటిగట్టునకో నడిపించుట పెద్దల విధి. కన్నడ సీమవారికి శ్రవణబెళగొళ, ఒడిశావారికి ఖండగిరి ఉదయగిరులు, తమిళనాడువారికి పొన్నూరు కొండ ఉండనే యున్నవి. కొడుకులనే కాక కూతుండ్రనును పంపవలెను. దిగంబర శ్వేతాంబర భేదము వలదు. అంగడిలో లెక్కలు వ్రాయువాని బిడ్డయు, మూటలు మోయువాని బిడ్డయు యజమాని బిడ్డతో కలిసి నడువవలెను. తీర్థంకరుల సమవసరణమున మానవులతోపాటు పశుపక్ష్యాదులకును చోటుండెను గదా! వడగట్టిన నీరు, ఇంటి భోజనము వెంట నుండవలెను. ఆకు త్రుంపరాదు, చెత్త విడువరాదు, ప్రొద్దుగ్రుంకక మునుపే ఇల్లు చేరవలెను.

అట్లు పెరిగిన బిడ్డ రేపు అంగడి గద్దెపై కూర్చున్నపుడు, చెరువు పూడ్చి గిడ్డంగి కట్టుమని ఎవరేని లాభమాశ చూపిన, ఆ చెరువులోని ప్రాణులు వానికి జ్ఞప్తికి వచ్చును. పెద్దలు నేర్పిన దయ ఆనాడు గడప దాటును.