గోరువెచ్చన అంటే ఎన్ని డిగ్రీలు?

మిచిగన్‌లో జనవరి నెల. బయట మోకాలి లోతు మంచు. మా ఆదివారం తెలుగు తరగతిలో ఆ రోజు పిల్లల ముందు పుస్తకాలు లేవు. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన తెల్ల కాగితాలు, వంటసోడా కలిపిన నీళ్లు, దూదిపుల్లలు ఉన్నాయి. "మీకు వచ్చిన మొదటి తెలుగు మాట రాయండి" అన్నాను. పుల్ల తగిలిన చోటల్లా పసుపు మీద ఎర్రటి గీత పడింది. ఒక పాప 'అమ్మ' అని రాసి, పక్కవాళ్ల కాగితాలు చూసి, మళ్లీ తన కాగితం చూసుకుంది. దాని మీద నిమ్మరసం పూస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. ఇంక ఆ రోజు వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు.

ఆమ్లం, క్షారం, పీహెచ్ అన్నీ ఈ పిల్లలకు బడిలో చెప్పారు. వాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. గుడివాడ నుంచి ఆరు నెలల కోసం వచ్చిన ఒక అమ్మమ్మగారు మనవరాలిని తీసుకొచ్చి గోడవార కుర్చీలో కూర్చున్నారు. "ఇది పారాణే కదే బంగారం! పసుపులో సున్నం కలిపితే వచ్చే రంగే. మీ అమ్మ పెళ్లికి కాళ్లకు పూసింది నేనే" అన్నారు. గదిలో పిల్లలందరూ ఆవిడ వైపు తిరిగారు. (సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే ప్రమాదం. వంటసోడా, సబ్బునీళ్లు చాలు.)

నాకు ఆ రోజే ఒక సంగతి తెలిసింది. మన ఇళ్లకు ఏటా ఎందరో అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి వెళ్తుంటారు. పగలంతా కిటికీలోంచి మంచు చూస్తారు. సాయంత్రం మనవలు వస్తారు, టాబ్లెట్ పట్టుకుంటారు. "తిన్నావా?" అంటే "తిన్నాను" దగ్గర మాట ఆగిపోతుంది. ఇద్దరికీ కలిసి చేసే పని లేకపోవడమే దీనికి కారణం. ప్రేమ లేక కాదు. పిల్లల దగ్గర ప్రశ్నలున్నాయి, పెద్దల చేతుల్లో పనితనముంది. రెండూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చదువు ఆటవుతుంది.

తర్వాతి వారం పాఠం ఆ గుడివాడ అమ్మమ్మగారే పెట్టారు. "ఈ చలికి పెరుగు తోడుకోదమ్మా" అన్న మాట ఇక్కడ ప్రతి చలికాలం వినేదే. ఎందుకు తోడుకోదో చూద్దామనుకున్నాం. ఒకే పాలు కాచి, చల్లార్చి, నాలుగు గ్లాసుల్లో సమానంగా పోశాం. మూడింట్లో చెంచాడు చొప్పున తోడు వేశాం. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వంటింటి గట్టు మీద, ఒకటి లోపలి దీపం మాత్రం వెలిగించిన అవెన్‌లో పెట్టాం. నాలుగోదానికి తోడు వేయకుండా దాన్నీ అవెన్‌లోనే ఉంచాం. మార్చేది ఒక్కటే, మిగిలినవేవీ మార్చకూడదు అన్న నియమం పిల్లలకు నేను చెప్పలేదు. "ఫ్రిజ్ గ్లాసులో తోడు తక్కువ పడిందేమో?" అని ఒకరు అడిగేసరికి, చెంచా నిండుగా, సమంగా కొలవాలని వాళ్లే తీర్మానించుకున్నారు. మర్నాడు పొద్దున అవెన్‌లో తోడు పడిన గ్లాసు గట్టిగా తోడుకుంది. గట్టు మీదది పలచగా ఉంది. మిగతా రెండూ పాలే.

"మరుగుతున్న పాలలో తోడు వేస్తే?" అన్నాడు ఒక పిల్లాడు. అదీ చేశాం. తోడుకోలేదు. అప్పుడు లాక్టోబాసిల్లస్ గురించి చెబితే చెవులు రిక్కించి విన్నారు. ఈ సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ పులుపుకు పాలలోని ప్రోటీన్ గడ్డకడుతుంది. చలికి అవి మందగిస్తాయి, మరీ వేడికి చచ్చిపోతాయి. కళ్లతో చూశాక విన్న కారణం గనక ఎవరూ రాసుకోలేదు, ఎవరూ మరచిపోలేదు.

ఇంక మా తరగతి ఎప్పటికీ చెప్పుకునే ముచ్చట. "పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వేయాలి" అన్నారు అమ్మమ్మగారు. "అంటే ఎన్ని డిగ్రీలు?" అని పిల్లలు అడిగారు. ఆవిడ చిటికెన వేలు కొస ముంచి చూసి, "ఇప్పుడు" అన్నప్పుడల్లా పిల్లలు వంటింటి థర్మామీటరు ముంచారు. నాలుగుసార్లు చూశారు. నాలుగుసార్లూ 105కీ 110కీ మధ్యనే, ఫారన్‌హీట్‌లో. పిల్లల నోట మాట లేదు. ఎప్పుడూ పరికరాన్నే నమ్మే పిల్లలు ఆ రోజు పరికరం అమ్మమ్మ వేలితో ఏకీభవించడం చూశారు. తర్వాత గోడకు అట్ట అంటించి, నులివెచ్చన, గోరువెచ్చన, వేడి, సలసల అని గీతలు గీసి, ఒక్కోదాని పక్కన డిగ్రీలు రాశారు. గోరువెచ్చన అన్న మాటను నేను పాఠంగా చెప్పి ఉంటే వారం తిరిగేసరికి పోయేది.

ఆటల్లోనూ ఇంతే. వామనగుంటలకు పీట దొరక్కపోతే పన్నెండు గుడ్ల అట్టపెట్టె తీసుకుని, రెండు వైపులా ఒక్కో కప్పు చేర్చాం, వైపుకు ఏడు గుంటలయ్యాయి. చింతపిక్కలకు బదులు రాజ్మా గింజలు వేశాం. నాలుగు ఆటలయ్యేసరికి, ఏ గుంట నుంచి పంచితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి చూస్తున్నారు. అష్టాచెమ్మాలో సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, అంటే చెమ్మా; అన్నీ బోర్లా పడితే ఎనిమిది, అంటే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, 16 సార్లలో రెండు 6 సార్లు, ఒకటి 4 సార్లు, మూడు 4 సార్లు, చెమ్మా ఒకసారి, అష్టా ఒకసారి రావాలి. పిల్లలు గవ్వలు వందల సార్లు వేసి గీతలు పెట్టారు. లెక్క సరిగ్గా కుదరలేదు. ఎందుకని గవ్వను తిప్పి చూశారు. ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చీలిక. అది నాణెం కాదు. సంభావ్యత అనే పాఠం ఇంతకన్నా బాగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

పిల్లలకు ఇలా చెప్పాలని మనకు కొత్తగా ఎవరూ నేర్పలేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా దాదాపు నూరేళ్ల కిందటే కథలతో, ఆటలతో బడి నడిపి చూపించారు. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబుతో రేఖాగణితం చేయించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జన విజ్ఞాన వేదిక తెలుగు పిల్లల కోసం 'చెకుముకి' పత్రిక తెచ్చింది. వీళ్లందరూ చెత్తబుట్టలోంచీ వంటింట్లోంచీ పాఠం తీశారు. మనమేమో దుకాణంలో ఖరీదైన సైన్సు కిట్ కొంటున్నాం. అందులో జవాబు పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. పిల్ల ఒకసారి చేసి, బొమ్మలో ఉన్నట్టు వచ్చిందని చూసి, మూత పెట్టేస్తుంది.

"ఇది ఏ పోటీకి పనికొస్తుందండీ?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. పరాయి నేల మీద నిలదొక్కుకోవడానికి మనం పడ్డ కష్టం అలాంటిది. కానీ శనివారం లెక్కల కోచింగ్, ఆదివారం స్పెల్లింగ్ బీ సాధన, మధ్యలో సంగీతం అంటే, పిల్లకు 'ఎందుకు?' అని అడిగే తీరిక ఎప్పుడుంది? పదాలన్నీ తప్పు లేకుండా వచ్చి, పాలు ఎందుకు తోడుకుంటాయో ఎప్పుడూ ఆలోచించని చదువును నేను మంచి చదువు అనలేను.

ఈ వేసవికి మీ ఇంటికి రాబోతున్న అమ్మకో నాన్నకో ఇవాళే ఫోన్ చేయండి. పచ్చళ్ల పక్కన ఒక వామనగుంటల పీట, ఏటికొప్పాక లక్క బొంగరం ఒకటి పెట్టెలో సర్దుకోమనండి. వాళ్లు వచ్చాక, వారానికి ఒక్క పూట కోచింగ్ మానిపించి, పిల్లల్ని వాళ్ల పక్కన కింద కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి.