బల్ల దగ్గర లేచిపోయేవాళ్లు

మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ప్రసంగం ముగిసి, రొట్టె మీద కప్పిన తెల్లగుడ్డ తీసే వేళకు వెనక వరసలోంచి ఒకరిద్దరు మగవాళ్లు మెల్లగా లేచి బయటికెళ్లి చెప్పులు వెతుక్కుంటారు. శనివారం రాత్రి తాగినవాళ్లు. వాళ్లను ఎవరూ పొమ్మనలేదు. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కొని తెచ్చుకున్నట్టేనని చిన్నప్పటి నుంచి విన్న మాటే వాళ్లను లేపింది. దీన్ని భయభక్తులని మెచ్చుకునే పెద్దలున్నారు. నాకు మాత్రం, తాగుడు మానే దారిని మూసేది ఈ భయమేననిపిస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం పూర్తిగా చదివితే పౌలు కోపం దేనిమీదో తెలుస్తుంది. కలిగినవాళ్లు ముందే కూర్చుని తిని మత్తెక్కేదాకా తాగుతుంటే, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. పేదలకు జరిగిన ఆ అవమానం మీద ఆయన మండిపడ్డాడు. ఎవరిని వారు పరీక్షించుకోమన్నాడు, నిజమే. పరీక్షించుకుని తినమన్నాడు గాని, లేచిపొమ్మనలేదు.

తప్పు చేశానన్న బాధే మనిషిని ఆపుతుందని మన నమ్మకం. వ్యసనం దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. మానేసినవాళ్లు మళ్లీ ఎలా పడిపోతారన్నది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ 1980లలో వివరించాడు. ఒక్క గ్లాసు దగ్గర జారినవాడు, నా పుట్టుకే ఇంత అనుకుంటే, ఎలాగూ చెడ్డాను కదా అని సీసా మొత్తం ఖాళీ చేస్తాడు. ఫలానా పెళ్లిలో, ఫలానా వాళ్ల బలవంతానికి లొంగానని చూసుకోగలిగినవాడు తేరుకునే అవకాశం ఎక్కువ. విశ్వాసి విషయంలో ఈ గొయ్యి ఇంకా లోతు, ఎందుకంటే అతను మాట తప్పింది భార్యతోనే కాదు, దేవుడితో కూడా. అంత సిగ్గును ఒక రాత్రికి మరిపించే మందు అతనికి తెలిసినది ఒకటే, అదే మళ్లీ తాగుతాడు.

సువార్తల్లో ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయారు. యూదా పశ్చాత్తాపాన్ని మనం తక్కువగా చూస్తాం గాని, ముప్ఫై వెండి నాణేలు తిరిగిచ్చినవాడతను, పాపం చేశానని నోరు విప్పి ఒప్పుకున్నవాడతను. ఒప్పుకున్నది మాత్రం తనను వాడుకున్న ప్రధాన యాజకుల దగ్గర. అది నీ గొడవ, మాకేం సంబంధమని వాళ్లు తోసేశారు. పేతురు కూడా వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ ఏడ్చి తోటి శిష్యుల మధ్యకే వెళ్లాడు. ఇద్దరిలో ఎవరి అపరాధ భావం పెద్దదో తూచలేం. దాన్ని మోసుకుని ఎవరెక్కడికి వెళ్లారన్నదే తేడా. బల్ల దగ్గర లేచిపోయే మనిషిని ఒంటరి దారి పట్టిస్తున్నామని నేననేది ఇందుకే.

దీనికి ఎదురు సాక్ష్యం క్రైస్తవ సాహిత్యంలోనే ఉంది. అగస్టీన్ తన ఆత్మకథలో తల్లి మోనికా చిన్ననాటి సంగతి రాశాడు. పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని పంపితే గుక్కెడు గుక్కెడుగా మొదలుపెట్టి, గిన్నెలకు గిన్నెలు తాగే అలవాటులో పడిందట. ఒకరోజు పనిపిల్ల గొడవలో తాగుబోతువని ఎత్తిపొడిస్తే ఆ క్షణంలోనే మానేసింది. మరి సిగ్గు పనిచేసినట్టే కదా? చేసింది. ఆమె ఇంకా పిల్ల, అలవాటు రహస్యం, పరువు చెక్కుచెదరలేదు. కాపాడుకోవడానికి ఏదో మిగిలి ఉన్నప్పుడు ఒక్క మాట చురుక్కుమంటుంది. ఊరంతా పేరు పెట్టి పిలుస్తున్నవాడికి అదే మాట ఇంకోసారి వినిపిస్తే కొత్తగా తగిలేదేముంది? చేర్చుకుంటే అలుసవుతుందన్న భయం కూడా పాతదే. కృప ఉంది కదా అని పాపంలోనే ఉండిపోదామా అన్న ప్రశ్నను రోమా పత్రికలో పౌలే వేసుకుని, కుదరదన్నాడు. అలాగని కృపను వెనక్కి తీసుకోలేదు.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ల కూటమి ఆల్కహాలిక్స్ అనానిమస్, క్రైస్తవ బృందమైన ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ నుంచే పుట్టింది. ఒప్పుకోలును అక్కడినుంచే తెచ్చుకుంది. ఈ కూటమిలో నిన్న తాగినవాడు కూడా ఇవాళ కుర్చీలో కూర్చుని ఆ మాట చెప్పొచ్చు. మన సాక్ష్యాల్లో మైకు దొరికేది పూర్తి విడుదల పొందినవాడికే. సగం దారిలో ఉన్నవాడు అబద్ధమాడాలి, లేదా మానేయాలి, సంఘాన్ని. ఇంకో సంగతి కటువుగానే చెప్పాలి. ఏళ్లతరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకుతో మొదలై రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఉపవాస కూటంలో చాప మీద వణుకుతున్నవాణ్ని చూసి దయ్యం వదులుతోందనుకోకూడదు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన ఆ మంచం పక్కన కూడా చేయొచ్చు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంటావిడది. ఆయన మనసు తేలికపడితే నా కమ్మలు తాకట్టులోంచి వస్తాయా అని ఆమె అడిగితే, రావు. యేసు తానే ఇంటికి వస్తానన్నాక జక్కయ్య చేసిన పని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని లెక్క చెప్పడం. చేర్చుకున్నాకే ఆ లెక్క బయటికొచ్చిందని గమనించాలి. అపరాధ భావానికి నిజమైన పని అక్కడుంది. ఎవరికెంత బాకీ ఉన్నాడో రాసుకుని, కూలి డబ్బులు వచ్చిన రోజే ఆమె చేతిలో పెట్టడం. సంఘం చేర్చుకుంది కాబట్టి ఆదివారానికల్లా ఆమె కూడా క్షమించేయాలని పెద్దలు ఇంటికొచ్చి కూర్చోవడం మాత్రం తగదు. డ్వాక్రా కిస్తీ తానొక్కతే కట్టిన నెలలెన్నో ఆమెకు తెలుసు. మళ్లీ ఎప్పుడు నమ్మాలన్నదీ ఆమే తేల్చుకుంటుంది.