కెమెరా ఎవరి పక్కన?

1823 నాటి అమెరికా కథతో 2015లో వచ్చిన ‘ది రెవెనెంట్’ సినిమాను ఛాయాగ్రాహకుడు ఇమ్మాన్యుయేల్ లుబెజ్కీ దాదాపు అంతా సహజ వెలుగులోనే తీశాడు. వెడల్పు లెన్సుతో ముఖానికి ఎంత దగ్గరకెళ్ళినా వెనక మంచు, చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎలుగుబంటి చీల్చేసిన గ్లాస్‌కు ఆ అడవి ప్రాణగండం. అదే మంచులో ఎదురైన పానీ ఆదివాసీకి అది తెలిసిన చోటే. గ్లాస్‌కు మాంసం పెడతాడు, జ్వరమొస్తే కొమ్మలతో గూడు కట్టి బతికిస్తాడు. అలాంటి మనిషిని చలి చంపలేదు. బొచ్చు వ్యాపారులు ఉరితీశారు. కెమెరా మాత్రం అతనితో నడిచింది కాసేపే.

అడవిని అందంగా చూపితే అడవిబిడ్డలకు న్యాయం జరిగినట్టేనా? మనం అలా అనుకోలేం. పిల్లలతో సినిమా చూసినప్పుడు వెలుగును మెచ్చుకుందాం. కెమెరా ఎవరి పక్కన నిలబడిందో కూడా అడుగుదాం.