పట్టా ఎవరి పేర?

తొలకరి పడితే చాలు, మద్దికెర, తుగ్గలి మండలాల్లో జనం చూపు నేలమీదికి దిగుతుంది. జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల పొలాల్లో వాన కడిగిన మట్టిలో తళుక్కుమనే రాయి కోసం పిల్లాపెద్దా వెతుకుతారు. పొరుగు జిల్లాల నుంచి, బళ్లారి వైపు నుంచి కూడా సద్దిమూటలతో వచ్చి చెట్ల కింద మకాం పెట్టేవాళ్లుంటారు. వజ్రం దొరికినవాడి కథ నెల్లాళ్లు టీకొట్ల దగ్గర తిరుగుతుంది. దొరకనివాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు. వాళ్లే ఎక్కువ కదా!

ఆ పొలాలకు పడమరగా, గుంతకల్లుకు దగ్గర్లో చిప్పగిరి ఉంది. వెతుకులాట గురించి వేరే మాట చెప్పిన మనిషి అక్కడ 1755 కార్తీక శుద్ధ దశమినాడు దేహం చాలించారు. ఆయన కన్నడంలో పాటలు కట్టిన హరిదాసు, విజయదాసులు.

పుట్టింది 1682లో, రాయచూరు సీమలోని చీకలపర్విలో. ఇంట్లో పిలిచే పేరు దాసప్ప. కటిక పేదరికం. ఊరొదిలి తిరిగి తిరిగి కాశీ చేరారు. అక్కడ కలలో పురందరదాసు కనిపించి ‘విజయవిఠల’ అనే అంకితనామం ఇచ్చారని హరిదాసుల సంప్రదాయం చెబుతుంది. పురందరదాసు 1564లోనే పోయారు. అంటే ఆ గురువు, ఈ శిష్యుడు పుట్టడానికి వందేళ్లకు ముందే కన్నుమూసినవాడు. కాశీ వెళ్లినవాళ్లు గంగ చెంబుతో తిరిగొస్తారు. ఈయన ఒక పేరుతో తిరిగొచ్చారు.

ఆ గురువు మామూలు బీదవాడు కాదు, నవకోటి నారాయణుడని పేరుపడ్డ వడ్డీవ్యాపారి. భార్య దానమిచ్చిన ముక్కుపుడక తిరిగి తన కొట్టుకే తాకట్టుకు రావడంతో ఆయన కళ్లు తెరుచుకున్నాయన్న కథ తెలియనివాళ్లు తక్కువ. ఆస్తంతా వదిలేసి తంబుర పట్టుకున్నాడు. లెక్కలు మాత్రం ఆయన్ను వదల్లేదు! పురందరుడు నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల పాటలు కట్టాడనీ, అయిదు లక్షలకు తగ్గిన పాతికవేలు విజయదాసులు పూర్తిచేశారనీ భక్తులు చెప్పుకుంటారు. చరిత్రకారుడు ఈ అంకెలకు తలూపడు. కానీ ఆ ఊహ గమ్మత్తైనది: తండ్రి బాకీ కొడుకు తీర్చినట్టు, గురువు పాటల బాకీని శిష్యుడు తీర్చడం.

దాసుల బతుకు యాయవారం మీద. కాలికి గజ్జె, చేతిలో తంబుర, భుజాన జోలె. ఆ పూటకు చాలినంత దొరికితే ఇంటిముఖం పట్టాలి. రేపటి గింజలు ఈరోజు అడగకూడదు. ఇదంతా విని, లోకం మాయ అని నమ్మినవాళ్ల వ్యవహారమేలే అనుకుంటే పొరపాటు. వీళ్లు మధ్వాచార్యుల మతంవాళ్లు. మధ్వమతంలో లోకం సత్యం. పొలం నిజం, పంట నిజం, ఆకలి అంతకంటే నిజం. అయితే స్వతంత్రుడు ఒక్కడే, శ్రీహరి. మిగిలిందంతా అస్వతంత్రం. రెవెన్యూ భాషలో చెప్పాలంటే పొలంలో తప్పులేదు, పట్టాలో పేరే తప్పు పడింది. ‘నాది’ అని రాసుకున్నచోట కౌలుదారు అని దిద్దుకుంటే చాలు. అదే పొలం, అదే పంట, కానీ గుండెల మీద బరువు వేరు.

ఆ బరువు దిగితే మిగిలే సుఖాన్ని కొలవడం కొత్త సంగతేం కాదు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి ఆ పని ఎప్పుడో చేసింది. మొదటి కొలమానం ఒక యువకుడు: మంచివాడు, చదువుకున్నవాడు, దృఢమైన ఒళ్లు, పైగా సంపదతో నిండిన భూమి అంతా అతనిదే. వజ్రాల వేటలో ఎవరూ ఇంత కలగనరు. ఆ ఉపనిషత్తు దాన్ని మానుషానందం కింద ఒక్కటిగా లెక్కవేసి, అక్కడి నుంచి గంధర్వులు, పితరులు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అంటూ మెట్టుమెట్టుకూ నూరు రెట్లు పెంచుకుంటూ పోతుంది. మానుషానందం దాటిన ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట కలుపుతుంది: కోరిక కొట్టని వేదవేత్తకూ ఇంతే ఆనందం ఉందని. ఇంద్రుడి ఆనందం అందుకోవడానికి ఇంద్రపదవి అక్కర్లేదన్నమాట.

మాధ్వులు దీనికి తారతమ్యం జోడించారు. ముక్తిలో కూడా జీవుల ఆనందం ఒకే కొలత కాదు. ఎవరి పాత్ర వారిది, కానీ ప్రతి పాత్రా నిండుగానే ఉంటుంది. జీవుల్లో స్వభావసిద్ధంగానే ఎక్కువ తక్కువలున్నాయనే ఈ సిద్ధాంతం ఈనాటివాళ్లకు గొంతు దిగడం కష్టమే. అయినా పక్కింటివాడి చెంబు వైపు చూడకుండా తన చెంబు నిండుగా ఉందనుకోగలగడం చిన్న సంగతి కాదు. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అనే అమెరికా ఆర్థికవేత్త, దేశం ఆదాయం పెరిగినంత మాత్రాన జనం సంతోషం పెరగడం లేదని వాదించాడు. పక్కవాడితో పోల్చుకోవడం అందుకొక కారణమన్నాడు. ఆ వాదంపై తగవు ఇంకా తెగలేదు.

డబ్బే ఆస్తి అనుకునేవాళ్లకు చిప్పగిరి గురుపరంపరలో ఇంకో కథ ఉంది. మాన్విలో శ్రీనివాసాచార్యులనే సంస్కృత పండితుడికి కన్నడంలో పాడుకుంటూ తిరిగే దాసులంటే చిన్నచూపు. విజయదాసులు భోజనానికి పిలిస్తే కడుపునొప్పని తప్పించుకున్నాడట. ఆ నొప్పి నిజంగానే పట్టుకుంది. చివరికి కాళ్ల మీద పడితే విజయదాసులు తన శిష్యుడు గోపాలదాసుల దగ్గరికి పంపారు. ఆయన తన ఆయుష్షులోంచి నలభై ఏళ్లు తీసి ఇచ్చారని కథ. ఆ పండితుడే జగన్నాథదాసు. ‘హరికథామృతసార’ను తాను చులకన చేసిన కన్నడంలోనే రాసి, 1809 దాకా బతికాడు. వడ్డీవ్యాపారి ముక్కుపుడక దగ్గర ఆగితే ఈయన పాండిత్యం దగ్గర ఆగాడు. ఆయుష్షు కూడా ఒకరి సొత్తు కాదన్నట్టు గోపాలదాసులు దాన్నీ పంచేశారు.

అయితే ఈ కథలను ఈ నేలమీద చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు ప్రాంతాల్లో వాన మొహం చాటేస్తే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బండ్లెక్కుతాయి. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు, బళ్లో ఖాళీ అయిన పలకలు. వాళ్లకు వెళ్లి సంపదలో సుఖం లేదని చెప్పడం కడుపు నిండినవాడి వేదాంతం. పురందరుడు వదులుకున్నాడు, ఎందుకంటే వదులుకోవడానికి ఉంది. విజయదాసుల బాల్యంలోని పేదరికం ఆయన ఎంచుకున్నది కాదు, దాన్ని వ్రతమని పొగడటమూ తగదు. ఆయన ఎంచుకున్నది ఆ తర్వాతి యాయవారాన్ని.

చిప్పగిరిలో విజయదాసుల కట్ట దగ్గర ఏటా కార్తీక దశమికి ఆరాధన జరుగుతుంది. కర్ణాటక నుంచి భజన బృందాలు దిగుతాయి, సుళాదులనే దాసుల పాటలు పాడతారు, విస్తళ్లు వేస్తారు. చలి మొదలయ్యే ఆ రోజుల్లోనే సుగ్గి మూటలు కూడా కట్టుకుంటారు. తంబురలు పట్టుకుని వచ్చేవాళ్లు కొందరు, గిన్నెలు, దుప్పట్లు, పసిపిల్లలను ఎత్తుకుని పోయేవాళ్లు కొందరు.