పాత గ్రాఫిక్స్ కార్డు ఎవరి చేతికి పోతోంది?



అపరిగ్రహం మీద మనం వీడియో చేసినప్పటి నుంచి కుర్రాళ్ళు, ముఖ్యంగా కాలేజీలో ఉన్నవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, ఒకటే అడుగుతున్నారు. "గేమింగ్ పీసీ కొనుక్కుందామని ఉంది. ఇది తప్పా? కోరికే కదా, చంపేసుకోవాలా?" వీడియోలో రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. ఇక్కడ కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం.

తప్పు కాదు. ముందు ఆ భయం వదిలేయండి. పురుషార్థాలు నాలుగు అని చెప్పిన మన పెద్దలు అర్థాన్నీ కామాన్నీ అందులోంచి కొట్టేయలేదు. ఆ రెంటికీ ముందు ధర్మాన్ని కూర్చోబెట్టారు, అంతే. పొద్దంతా పనిచేసి వచ్చి, రాత్రి ఓ గంట ఫ్రెండ్స్‌తో ఆడుకుంటే ఏ దేవుడికీ కోపం రాదు. ఆటే పాపమైతే కృష్ణయ్య చిన్నతనం మొత్తాన్ని ఏం చేద్దాం?

నాకు తేడాగా అనిపించేది ఈ ప్రశ్న అడిగే చోటు. అందరూ షాపు కౌంటర్ దగ్గర నిలబడి, కొనాలా వద్దా అని అడుగుతున్నారు. ధర్మానికి కౌంటర్ దగ్గర పెద్దగా పని లేదు. కౌంటర్‌కి ఇవతల, డబ్బు ఎవరి చేతిలోంచి వచ్చింది అన్న దగ్గర దానికి పని ఉంది. అవతల, మీరు తీసేసిన పాత పార్టు ఎవరి చేతిలోకి పోతోంది అన్న దగ్గర ఇంకా ఎక్కువ పని ఉంది.

హైదరాబాద్ వాళ్ళకి ఈ బజార్లు కొత్త కాదు. పీసీ పార్టులకి ఎక్కువమంది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోతారు. ఇటుపక్క వాళ్ళు నాంపల్లి మెట్రోలో దిగి అబిడ్స్ వైపు నడుస్తారు. జగదీష్ మార్కెట్ సందుల్లో మొబైళ్ళు, హెడ్‌ఫోన్లు, చార్జర్లు. కొత్తవీ, ఒకరు వాడినవీ పక్కపక్కనే. ఆదివారం షట్టర్లు దించితే అదే అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఒకరి చేతిలోది ఇంకొకరి చేతిలోకి మారడం ఈ ఏరియాకి ఎప్పటినుంచో అలవాటే.

అసలు అబిడ్స్ అనే పేరు ఎక్కడిదో తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆయన ఇక్కడ షాపు పెట్టాడు. ఆయన పేరే చౌరస్తాకి నిలిచిపోయింది. ఇక ఆ నిజాం గారి వార్డ్‌రోబ్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి. రెండంతస్తులు, హాలు పొడవునా అల్మారాలే. ఒకసారి వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకునేవాడు కాదని చెప్పుకుంటారు. అప్‌గ్రేడ్ అనే మాట మనకి తెలియకముందే ఆ జబ్బు ఈ ఊళ్ళో ఉందన్నమాట.

మన జబ్బు ఇంకో రకం. షేర్వానీ వెళ్ళి ఇంకో షేర్వానీని అడగదు. కంప్యూటర్‌లో పార్టులు ఒకదాన్నొకటి అడుగుతాయి. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశారు. పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దానికి చాలదన్నారు, మార్చారు. ఇప్పుడు ప్రాసెసర్ వెనకబడింది, దానికి బాటిల్‌నెక్ అని ఒక పేరు. ప్రాసెసర్ మార్చాలంటే సాకెట్ కుదరదు, మదర్‌బోర్డు మార్చాలి. కొత్త బోర్డుకి డీడీఆర్5 కావాలి, పాత డీడీఆర్4 ర్యామ్ అందులో కూర్చోదు. అంతా అయ్యాక చూస్తే మానిటర్ 60 హెర్ట్జ్‌ది. కార్డు సెకనుకి 140 ఫ్రేములు తీస్తోంది, స్క్రీన్ అరవైకి మించి చూపించలేకపోతోంది. సరే, మానిటర్. ఈలోగా కొత్త సిరీస్ కార్డులొచ్చాయి.

దీనికి సన్యాసం మందు కాదు. లెక్క రాసుకోవడం మందు. నేను నిజంగా ఆడే గేములేవి, నా మానిటర్ ఎంత చూపించగలదు, ఎన్ని ఫ్రేములొస్తే నాకు చాలు. ఈ మూడూ కాగితం మీద రాసుకుని, ఆగే చోటు ముందే గీసుకుని బజారుకి వెళ్ళండి. నాంపల్లి నుమాయిష్‌కి లిస్టు లేకుండా వెళ్ళినవాళ్ళు ఏమేం మోసుకొస్తారో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు కదా. కంపెనీలు కూడా అన్నిసార్లూ మొత్తం మార్చమనవు. 2017లో కొన్న ఏఎం4 బోర్డులు చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ వేసుకోగలిగారు. అయిదేళ్ళ బోర్డు, కొత్త ప్రాసెసర్. అలాంటి అప్‌గ్రేడ్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇంకా ముందు, ఒకసారి క్యాబినెట్ తెరిచి దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చి చూడండి. సగం మందికి "స్లో అయిపోయింది" అన్న కంప్లైంట్ అక్కడే తీరిపోవచ్చు.

ఇంకొక ఒత్తిడి భయం పేరుతో వస్తుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిరాయి. "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేం" అన్న మాట ఊరంతా పాకింది. భయంతో కొన్నదానికీ కోరికతో కొన్నదానికీ బిల్లు ఒకటే వస్తుంది. ఒక రాత్రి పడుకుని లేచాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూడండి. నాంపల్లి దాకా ఎలాగూ వచ్చారు కాబట్టి, నౌబత్ పహాడ్ ఎక్కి బిర్లా మందిర్‌లో కాసేపు కూర్చుని వెళ్ళినా మంచిదే. గంట కూడా మోగని గుడి అది.

ఇప్పుడు డబ్బు సంగతి. కోరికల గురించి ఎవరు మాట్లాడినా యయాతి కథ చెప్తారు. శాపంతో ముసలితనం వచ్చింది, కొడుకు పూరుడి యవ్వనం అడిగి తీసుకున్నాడు, వెయ్యేళ్ళు భోగించాడు, తృప్తి మాత్రం రాలేదు. అందరూ ఆ చివరి మాట దగ్గర ఆగుతారు. నేను నడిమధ్యలో ఆగుతాను. ఆ వెయ్యేళ్ళూ ఖర్చయింది పూరుడి వయసు. సుఖం ఒకరిది, కరిగిపోతున్న ఒళ్ళు ఇంకొకరిది. మన ఇళ్ళల్లో కథ తిరగబడింది. ఇక్కడ కొడుకు భోగానికి తండ్రి సంవత్సరాలు ఖర్చవుతున్నాయి. పూరుడికైనా ఏం ఇస్తున్నాడో తెలిసే ఇచ్చాడు. అతని కన్నా ముందు అడిగిన నలుగురు కొడుకులకీ కూడా విషయం తెలుసు, అందుకే కాదనగలిగారు.

మన నాన్నలకి తెలుస్తోందా? "ప్రాజెక్టుల కోసం నాన్నా, కోడింగ్‌కి మంచి సిస్టమ్ కావాలి, ఇప్పుడంతా ఏఐ కదా" అంటారు. ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ కార్డు కాలేజీ అసైన్‌మెంట్‌కి ఎందుకో ఆయన అడగరు, అడగడానికి ఆయనకి తెలియదు. కాలేజీ ఫీజుతో పాటే దీన్నీ చదువు ఖర్చులో వేసుకుంటారు. ఇందులో నాకు కష్టంగా తోచేది డబ్బు కాదు, ఆయన సరిచూసుకోలేరన్న ధైర్యంతో మనం ఆడే మాట. "నాన్నా, ఇందులో సగం చదువుకి, సగం ఆటకి. ఇవ్వగలిగితే ఇవ్వు, లేకపోతే నా జీతం వచ్చాక కొనుక్కుంటాను" అని చెప్పి చూడండి. కాదంటే కాదంటారు. ఔనంటే ఆ మిషన్ ముందు కూర్చున్న ప్రతిసారీ వెనక తలుపు చప్పుడైతే విండో మార్చే పని ఉండదు.

మధ్యలో చిన్న మాట. "భయ్యా, బిల్లు లేకుంటే ఎంత?" అని అడగడం చాలామందికి తెలివిగా అనిపిస్తుంది. 18 శాతం జీఎస్టీ మిగిలిందనుకుంటారు. ఆ కార్డు ఆరు నెలలకి పోతే వారంటీకి చూపించడానికి చేతిలో కాగితం ఉండదు, అది మీ ఖర్మ. కానీ రోడ్డు మీద గుంతలు చూసి గవర్నమెంట్‌ని తిట్టే హక్కు కూడా ఆ డిస్కౌంట్‌లో పోయిందని గుర్తుంచుకుంటే చాలు.

అసలు విషయానికొస్తాను. కొత్త కార్డు వచ్చింది, పాతది చేతిలో ఉంది. అమ్మాలి.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ఉంటాడు. కట్టెలా కదలకుండా నిలబడితే జడల్లో పిట్టలు గూడు కట్టుకున్నాయి. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, ఎగిరిపోయాయి. అప్పటిదాకా కదల్లేదు. ఇక నాకంటే ధర్మం తెలిసినవాడు లేడనుకున్నాడు. కాశీలో తులాధారుడు అనే వ్యాపారికి నువ్వు సాటి రావని ఒక వాణి వినిపించింది. వెళ్ళి చూస్తే ఏముంది, అంగట్లో కూర్చుని సరుకు తూచి అమ్ముకుంటున్నాడు. అతని ధర్మం ఏమిటయ్యా అంటే, ఒకరి దగ్గర కొన్నది ఇంకొకరికి మోసం లేకుండా అమ్ముతాడు, అతని తక్కెడ అందరికీ ఒకేలా తూగుతుంది. అంతే. అంత తపస్సు ఒక తక్కెడ ముందు తేలిపోయింది.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుకి తక్కెడ లేదు. అదే ఇబ్బంది. పాత బండి కొంటే ఇంజిన్ చప్పుడు వింటాం, టైర్లు చూస్తాం. కార్డుని పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? 2021లో క్రిప్టో మైనింగ్ వేడిలో కార్డులు రాత్రీ పగలూ ఆగకుండా నడిచాయి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం ఆ పద్ధతి మానేశాక అలాంటివి కుప్పలుగా సెకండ్ హ్యాండ్ బజారుకి వచ్చాయి. శుభ్రంగా తుడిచి ఫ్యాన్ మారిస్తే పెళ్ళికూతురిలా ఉంటాయి. కొన్నవాడి ఇంట్లో పది నిమిషాల టెస్టు కూడా పాసవుతాయి. మే నెల ఎండలో మూడు గంటలు ఆడినప్పుడు స్క్రీన్ మీద రంగు చుక్కలు మొదలవుతాయి.

ఆ కార్డు సంగతి తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే, అమ్మేవాడు. అంటే మీరు. దాన్ని ఎన్నిసార్లు రిపేర్‌కి పంపారో, ఎండాకాలం ఎంత వేడెక్కుతుందో, ఏ గేములో ఆగిపోతుందో మీకు తెలుసు. కొనడానికి వచ్చినవాడు ఎవరో ఇంటర్ పిల్లాడు, ఏడాదిగా పోగేసుకున్న డబ్బు తెచ్చాడు. "బాగానే నడుస్తుంది కదన్నా?" అని అడుగుతాడు. "ఆ, ఏం ప్రాబ్లం లేదు తమ్ముడూ" అనడానికి ఒక సెకను చాలు. నిజం చెప్తే వెయ్యో రెండు వేలో తగ్గుతుంది. ఒక్కోసారి బేరమే పోతుంది. ఇందులో నష్టం లేదని నేను చెప్పను, నష్టం ఉంది. మనం సినిమాల్లో చూసే హరిశ్చంద్రుడి నష్టాలతో పోలిస్తే చిన్నది కాబట్టి దీన్ని ఎవరూ ధర్మసంకటం అనుకోరు, అంతే. నా మటుకు నాకు, శనివారం ఉపవాసం ఉంటున్నారా లేదా అన్నదానికంటే ఈ బేరంలో ఏం చెప్పారన్నదే పెద్ద ప్రశ్న.

ఇక అమ్మకుండా ఇచ్చేసేవాళ్ళు ఉంటారు. ఊళ్ళో బాబాయి కొడుక్కో, ఏదైనా అనాథాశ్రమానికో పాత సిస్టమ్ మొత్తం దానం. మంచి పని. కానీ కఠోపనిషత్తులో నచికేతుడి కథ మొదలయ్యేది ఇక్కడే. తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానమిస్తున్నాడు. ఆ ఆవులు నీళ్ళు తాగడం అయిపోయింది, గడ్డి తినడం అయిపోయింది, పాలివ్వడం అయిపోయింది. పిల్లాడు చూసి ఉండబట్టలేక, నన్నెవరికిస్తావు నాన్నా అని అడిగాడు. మనం ఆ ప్రశ్న వెంట నేరుగా యముడి దగ్గరికి వెళ్ళిపోతాం కానీ, ఆ ఒట్టిపోయిన ఆవుల్ని తోలుకెళ్ళినవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేసుంటారో ఆలోచించం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. పాత ప్రాసెసర్ ఉంటే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాంటి సిస్టమ్‌ని "ఇంకా బాగుంది, వాడుకో" అని ఊరికి పంపితే ఆ పిల్లాడికి వెళ్ళేది వస్తువుతో పాటు ఓ తలనొప్పి. లినక్స్ వేసి, నడుస్తుందో లేదో మీరే నాలుగు రోజులు చూసి, కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి మీ డబ్బుతో పెట్టి ఇస్తే అది పాలిచ్చే ఆవు. ఇక బతకదనుకున్నదాన్ని ఎవరికీ ఇవ్వకండి, తీసుకెళ్ళి ఈ-వేస్ట్ రీసైక్లింగ్ వాళ్ళకి అప్పజెప్పండి. హార్డ్ డిస్క్‌లో ఫొటోలు, ఆధార్ స్కాన్లు చెరిపాకే.

అమ్మినా ఇచ్చినా, కార్డుని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, మీద ఒక చీటీ అంటించండి. ఏ సంవత్సరం కొన్నది, మీరు కొన్నప్పుడే సెకండ్ హ్యాండా, రిపేర్ అయిందా, ఏ ఫ్యాన్ మోగుతుంది, రెండు గంటలు ఆడితే ఎన్ని డిగ్రీలకి వెళ్తుంది. బిల్లు దొరికితే అది కూడా మడిచి అదే కవర్లో పెట్టండి.