పట్టే కుంచె, వదిలే కుంచె

రాయచూరులో తీన్ కందిల్ దగ్గర ఒక బ్యూటీ పార్లర్ ఉండేది. దాన్ని నడిపే ఆమెను వీధంతా అక్కా అనే పిలిచేది. ఆమె దగ్గర ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకునేవాళ్ళు. మాన్వి నుంచి వచ్చిన పెద్దదానిది చురుకైన చెయ్యి. దేవదుర్గ నుంచి వచ్చిన చిన్నది నిదానం.

వైశాఖంలో ఒకే ఇంటి పెళ్ళికూతుళ్ళు ఇద్దరు ఒకే ముహూర్తానికి ముస్తాబు కావాల్సి వచ్చింది. రాయచూరు ఎండ సంగతి చెప్పేదేముంది, అప్పటికే 40 డిగ్రీలు దాటింది. అక్క ఇద్దరికీ ఫౌండేషన్ వేసి, చిన్న డబ్బీ ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది మినరల్ బ్లష్. అదిమి బిళ్ళ చేసింది కాదు, విడి పొడి.

"చెరొకరికీ వేయండి. బ్రష్ మీకు నచ్చింది తీసుకోండి" అంది.

పెద్దది కబుకి బ్రష్ అందుకుంది. పొట్టి పిడి, ఒత్తు కుచ్చు, పెట్టెలో అన్నిటికంటే ఖరీదైనది. డబ్బీలో ముంచి పెళ్ళికూతురి బుగ్గ మీద ఆనించింది. అంతే, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. చెరిపి సర్దుదామని రుద్దింది. చెమట పట్టిన చోట పొడి తడిసి మరకలు కట్టింది, కింద వేసిన ఫౌండేషన్ కూడా ఊడొచ్చింది.

చిన్నది పలచటి కుచ్చున్న పాత బ్రష్ తీసుకుంది. డబ్బీ మూతలో చిటికెడు పొడి వంచుకుని, కుచ్చు కొసల్ని అందులో తిప్పి, మూత అంచుకు తట్టి, బుగ్గ మీద తేలిగ్గా ఆడించింది. ఏమీ కనబడలేదు. మళ్ళీ అట్లే చేసింది.

"ఏమే, గాలికి రంగేస్తున్నావా?" అని నవ్వింది పెద్దది.

నాలుగోసారికి ఆ పెళ్ళికూతురి బుగ్గలో రంగు తేలింది. వేసినట్టు లేదు, సిగ్గుపడినట్టుంది.

అవతల మేళం మొదలైంది. మొదటి పెళ్ళికూతురి ముఖమంతా తుడిచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. సాయంత్రం పెద్దది ముఖం ముడుచుకుని, "పొడే మరీ గాఢంగా ఉందక్కా. నేను మంచి బ్రషే తీసుకున్నా కదా!" అంది.

"ఇద్దరూ వాడింది ఒకే డబ్బీ కదే" అంది అక్క. "మన కోట గోడలో ఆ పెద్ద శాసనం బండ చూసినావా?"

1294 నాటి శాసనమున్న ఆ బండ దాదాపు 41 అడుగుల పొడవు. దాన్ని బండి మీద వేసి పశువుల బారుతో లాగించిన దృశ్యం కూడా గోడ మీద చెక్కి ఉంది.

"బండను లాగడానికి మందంత పశువులు కావాలి. దాని మీద అక్షరం చెక్కడానికి గుప్పిట్లో పట్టే ఉలి చాలు. నువ్వు అక్షరం చెక్కడానికి పశువుల్ని తోలినావు."

మరుసటి రోజు అక్క అదే కబుకితో ఇంకొకరికి మినరల్ ఫౌండేషన్ వేస్తుంటే పెద్దది పక్కనే నిలబడి చూసింది. ముఖమంతా సమంగా కప్పాల్సిన ఆ పనికి దాన్ని మించింది లేదు.

నీతి: ఎక్కించింది దించడం కష్టమైన చోట, ఎక్కువ పట్టే పనిముట్టు కన్నా కొంచెం కొంచెంగా వదిలేదే మేలు.

బ్లష్ కొనేవాళ్ళకు ఈ నీతి అక్షరాలా పనికొస్తుంది. విడి మినరల్ బ్లష్‌లో ముఖ్యంగా ఉండేది అబ్రకం, ఐరన్ ఆక్సైడ్లు. గూడూరు గనుల పేరు విన్నవాళ్ళకు అబ్రకం కొత్త కాదు. ఎర్రమట్టికి ఎరుపు తెచ్చేదీ ఐరన్ ఆక్సైడే. బిళ్ళ బ్లష్‌లో పొడిని పట్టి ఉంచే జిగురు పదార్థం ఉంటుంది కాబట్టి బ్రష్ గీకినంతే వస్తుంది. విడి పొడికి ఆ అడ్డు లేదు, కుచ్చు ఎంత ఒత్తుగా ఉంటే అంత మింగుతుంది. అందుకే దీనికి కొసలు విచ్చుకునే మెత్తటి బ్రష్ గానీ, పొడుగూ పొట్టీ పోగులు కలిసిన డుయో ఫైబర్ గానీ తీసుకోవాలి. మేకవెంట్రుక పొలుసులు పొడిని బాగా పట్టుకుంటాయి. నునుపైన సింథటిక్ పోగు తక్కువ పట్టుకుంటుంది, చెమటనూ అంతగా పీల్చదు. మన ఎండలకు నా ఓటు సింథటిక్‌కే.

చామనఛాయ వాళ్ళకు రంగు కనబడాలంటే ఒత్తు బ్రష్షే కావాలని దుకాణాల్లో చెబుతారు. నేనొప్పుకోను. ముదురు రంగు పొడి కొని, అదే పలచటి బ్రష్‌తో ఇంకో రెండు పూతలు వేస్తే సరిపోతుంది. కొనేముందు కుచ్చును అరచేతి వెనక అదిమి చూడండి: వేళ్ళలా విచ్చుకుంటే తీసుకోవచ్చు, ముద్దలా నిలబడితే అది ఫౌండేషన్ బ్రష్. కడిగాక మాత్రం నిలబెట్టి ఆరబెట్టకండి, నీళ్ళు రేకు పట్టీలోకి దిగి లోపలి జిగురు ఊడుతుంది. బల్ల అంచున పడుకోబెట్టి కుచ్చు గాల్లో ఉండేలా వదిలేస్తే రాయచూరు ఎండాకాలం దాన్ని తొందరగానే ఆరబెడుతుంది.