ఉన్న మంచి ఎందుకు వెలికి రాదు?

మనం రెప్ప వేసిన ప్రతిసారీ కంటిపై పలుచని తడి పొర పరుచుకుంటుంది. అది ఒట్టి నీరే అయితే నూనె రాసిన పళ్ళెం మీది నీటిలా బొట్లు బొట్లుగా విడిపోయేది. దాన్ని కంటిపై సమంగా నిలిపి ఉంచడంలో మ్యూసిన్లు అనే జిగురు పదార్థాలది ముఖ్యపాత్ర. వాటిలో కొన్ని కంటి పైపొర కణాలనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఎమ్‌యూసీ5ఏసీ అనేదాన్ని తెల్లగుడ్డును కప్పిన పొరలోని గోబ్లెట్ కణాలు స్రవిస్తాయి.

ఇక్కడ యోచించవలసిన విషయం ఒకటుంది. ఈ మ్యూసిన్ తయారీకి కావలసిన జన్యువు మన అరచేతి చర్మంలోనూ ఉంది. కాని అక్కడ అది మౌనంగా ఉంటుంది. కంటిలో పనిచేస్తుంది, అదీ పోషణ అందితేనే. విటమిన్ 'ఎ' నుండి తయారయ్యే ఒక ఆమ్లం కణ కేంద్రకంలో ప్రవేశించి అనేక జన్యువుల పనిని నియంత్రిస్తుంది. ఆ విటమిన్ దీర్ఘకాలం కొరవడితే గోబ్లెట్ కణాలు నశిస్తాయి. తడిగా ఉండవలసిన పొర చర్మంలా గట్టిపడుతుంది. ముదిరితే నల్లగుడ్డు కరిగి చూపే పోతుంది. జన్యువు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది!

మరి ఆ పసివాడి పుట్టుకలో లోపముందా? లేదు. లోపం అతని ముందున్న పళ్ళెంలో ఉంది. మనుషుల విషయంలో మాత్రం మనం తొందరపడి "వాడి రక్తమే అంత" అని తీర్పు చెప్పేస్తాము. ఆ మంచికి ఎవరైనా ఆహారం పెట్టారా అని అడగము.

"అలాగైతే ఎవరి తప్పుకూ ఎవరూ బాధ్యులు కారా?" అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. కాదు. జన్యువుకు సంకల్పం లేదు, మనిషికి ఉంది. పోషణ పొందినవాడు ఈ ఉపమానాన్ని తన తప్పుకు సాకుగా చూపలేడు. ఇది పరుల విషయంలో తీర్పును ఆపుతుంది, మన విషయంలో బాధ్యతను పెంచుతుంది.

ఆ బాధ్యతకు గడువు కూడా ఉంది. రేచీకటి దశలో విటమిన్ అందిస్తే చూపు త్వరగానే కోలుకుంటుంది. నల్లగుడ్డు కరిగిన తరువాత ఎంత ఇచ్చినా పోయిన చూపు తిరిగిరాదు. మన దేశంలో 1970లోనే పిల్లలకు విటమిన్ 'ఎ' చుక్కలు వేసే పథకం మొదలైంది. 9 నెలలు నిండినప్పటి నుండి 5 ఏళ్ళ వరకు అవి వేయించాలి. మన పొరుగింటి బిడ్డకు అవి అందాయా? సందె చీకటిలో ఆ బిడ్డ తడుముకుంటూ నడుస్తున్నాడా? నేడే విచారించండి. పసివాడి కన్ను ఇరుగుపొరుగు వారందరి వద్ద ఉన్న అమానతు.